దూరం జరిగే కాలనీ

పొద్దున లేవగానే నర్సు చేసే మొదటి పని, వంటింటి కిటికీ తెరిచి నగరం ఎంత దూరంలో ఉందో చూసుకోవడం. పొయ్యి మీద పాలు పెట్టి, చెయ్యి ముందుకి చాచి, బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి చూస్తుంది. ఈ కాలనీకి వచ్చిన కొత్తలో ఆ వేలికి అటూ ఇటూ కూడా మేడలు కనపడేవి. ఇప్పుడు నగరం నగరమంతా గోరు వెనక దాక్కుంటోంది.

“మళ్ళీ జరిగాం అత్తయ్యా,” అంది ఆ రోజు కూడా.

“జరక్కేం చేస్తుంది! రాత్రి నా మంచం కిర్రుమన్నప్పుడే అనుకున్నా,” అంది అత్తగారు, మనవరాలి కాళ్ళ మీద దుప్పటి సర్దుతూ. “ఇవాళ ఇంకాస్త ముందు బయల్దేరు. అక్కడ పుట్టేవాళ్ళు నువ్వొచ్చేదాకా ఆగుతారా ఏమన్నా?”

పాలు పొంగేలోపు నర్సు డబ్బా సర్దుకుంది, జుట్టు ముడేసుకుంది. జడ వేసుకోవడం ఎప్పుడో మానేసింది. ఆ తీరిక కూడా దారే తినేస్తోంది. నిద్రపోతున్న కూతురి పక్కన ఒక్క క్షణం కూర్చుని లేచింది. ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. రెండో క్లాసు. పిచ్చుక కళ్ళు తెరిచేసరికి అమ్మ ఉండదు. అమ్మ ఇల్లు చేరేసరికి పిచ్చుక కళ్ళు మూతలు పడిపోయి ఉంటాయి. వారానికొక్క సెలవు రోజు తప్పిస్తే తల్లి కూతుర్ని నిద్రలోనే చూస్తోంది.

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, వెనకవాళ్ళకి కూడా వినపడాలి. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకోవచ్చంటే జనం మహానగరాలు వదిలి శివార్లకి పోతారా, పోరా అని టీవీల్లో పెద్దమనుషులు మెడ నరాలు తేలేట్టు వాదించుకుంటున్నారు చూడండి, వాళ్ళ వాదన తేలకముందే జనం మంచాలూ బీరువాలూ పూలకుండీలూ లారీలకెక్కించుకుని వెళ్ళిపోయారు. సరే, వెళ్ళారు. జనం శివార్లకి వెళ్ళాక, మరి శివార్లు ఎక్కడికి వెళ్తాయి? ఆ మాట మాత్రం ఒక్క పెద్దమనిషికీ తోచలేదు.

అంతకుముందు వీళ్ళు ఆసుపత్రి వెనక సందులో, తాళంచెవులు చేసే కొట్టు మీద, రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళు. నర్సు డ్యూటీకి నడిచి వెళ్ళేది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు ఆమెది. మధ్యాహ్నం సందు దొరికితే ఇంటికి పరిగెత్తుకొచ్చి పిచ్చుకకి నాలుగు ముద్దలు పెట్టి మళ్ళీ పరిగెత్తేది. ఆమె భర్త ఒక కంపెనీలో, ఇంకెవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగం చేసేవాడు. ఆ కంపెనీ వాళ్ళు ఇక ఆఫీసుకి రానక్కర్లేదు, ఎక్కడినించైనా చేసుకోండి అన్నారు. ఆయన ఇస్త్రీ బల్ల మీద కంప్యూటరు పెట్టుకున్నాడు. ఒకరోజు ఏదో పెద్ద మీటింగులో ఉండగా వాళ్ళమ్మ చీపురు పట్టుకుని వెనకనించి అలా వెళ్ళి, మళ్ళీ చెత్త ఎత్తుకుని ఇలా వచ్చింది. నాలుగు దేశాల వాళ్ళు చూశారు. “మీ ఇంట్లో మనుషులు ఎక్కువ, గదులు తక్కువ అనుకుంటా” అన్నాడట మేనేజరు. అంతే, ఆయనకి మనసు విరిగిపోయింది.

“తలుపేసుకుంటే మూసుకునే గది ఒక్కటి చాలు నాకు,” అన్నాడు భార్యతో. “పిల్ల ఆడుకోవడానికి కాస్త మట్టి. అంతకుమించి దేవుణ్ణి నేనేం అడగను.”

మంచి కోరికే. దేవుడు కూడా కాదనలేదు. కాలనీలో ఇల్లు దొరికింది. గదికి తలుపుంది, ఇంటి ముందు మట్టి ఉంది, మట్టిలో పిచ్చుక ఉంది. నర్సుకి కూడా ఆ మొదటి నెలల్లో ఆనందంగానే ఉండేది. బస్సు ఎక్కితే కునుకు తీసేలోపు ఆసుపత్రి వచ్చేసేది.

అప్పట్లో ఆ బస్సులో నిలబడటానికి చోటు ఉండేది కాదు. బ్యాంకు గుమస్తా, లెక్కల టీచరు, బట్టల షాపులో కొలతలు తీసే ఆవిడ, ఇద్దరు వకీళ్ళు, ఇంకా ఎంతోమంది. ఒకళ్ళ టిఫిన్ డబ్బా ఇంకొకళ్ళ వీపుకి గుచ్చుకునేది. ముందు గుమస్తాకి ఇంటి దగ్గరే పని ఇచ్చారు. ఆ రాత్రి కాలనీ ఒక పొలమంత వెనక్కి జరిగింది. టీచరు తెర మీద పాఠాలు చెప్పుకోవడం మొదలెట్టాడు. కాలనీ ఒక చెరువు దాటి జరిగింది. వకీళ్ళు ఒకేసారి మానేసేసరికి కాలనీకీ నగరానికీ మధ్య ఒక ఇటుకల బట్టీ, దాని వెనకాల ఒక గుట్టా పుట్టుకొచ్చాయి. కొత్తగా సాగిన రోడ్డు నున్నగా ఉండేది, గుంటల్లేకుండా. పక్కన చెట్లు మాత్రం ఉండేవి కావు. వాటికింకా సమయం పడుతుంది కదా.

“పోయొచ్చే కాళ్ళు తగ్గిపోతుంటే కాలనీ మాత్రం ఎంతకని పట్టుకుని కూర్చుంటుందమ్మా,” అనేవాడు బస్సు డ్రైవరు. నర్సు ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. “డీజిలు సరిపోక మధ్యలో ఇంకో బంకు చూసుకున్నా. ఈసారి జరిగితే నా భోజనం కూడా దార్లోనే.”

చివరికి ఆ బస్సులో నర్సు ఒక్కతే మిగిలింది. ఇష్టమొచ్చిన సీట్లో కూర్చోవచ్చు. అయినా పాత అలవాటు కొద్దీ తలుపు పక్క సీట్లోనే, ఎవరికో చోటు వదులుతున్నట్టు ఒద్దికగా కూర్చునేది.

భర్త చెడ్డవాడని నేననను. అలా అంటే పాపం తగులుతుంది. ఆయనకి ఎప్పుడూ చెవుల మీద ఆ పెద్ద హెడ్‌సెట్టు ఉండేది కాబట్టి వీధిలో వాళ్ళు ‘చెవులాయన’ అని పేరు పెట్టారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ మూసిన గదిలో ఎవరితోనో మాట్లాడుతూనే ఉండేవాడు. బయటికొచ్చి, పిల్ల తల నిమిరి, ఒక గ్లాసు నీళ్ళు తాగి మళ్ళీ లోపలికి పోయేవాడు. నర్సు ఎన్నోసార్లు అడిగింది.

“మళ్ళీ మన సందులోకి పోదామండీ.”

“ఏ సందు? ఆ మేడ మొత్తం ఖాళీ. మెట్లు కూడా ఊడదీశారట. నువ్వే రోజూ చూస్తున్నావుగా, నగరంలో ఏం మిగిలిందక్కడ?”

“ఆసుపత్రి మిగిలింది.”

“నువ్వూ ఇంటినించి చేసుకునేది ఏదైనా చూసుకోరాదూ? ఫోన్లో రోగులకి సలహాలు చెప్పే నర్సుల్ని తీసుకుంటున్నారట.”

“అరచెయ్యంత పిల్లాడికి ముక్కులో గొట్టం వెయ్యాలి. ఫోన్లోంచి వేస్తానా?”

ఆయన హెడ్‌సెట్టు సర్దుకుని గదిలోకి పోయాడు.

అదిగో, అలాంటి రోజుల్లో కాలనీ సంఘం వాళ్ళకి బస్సు మీద కన్ను పడింది.

బస్సు వచ్చి మలుపు తిరిగేది పార్కు గేటు ముందు. తిరిగేటప్పుడు గట్టిగా హారను కొడుతుంది. కిటికీ అద్దాలు గలగలమంటాయి. ఇళ్ళల్లో అందరూ కాల్స్‌లో ఉంటారాయె. “మీరు బస్టాండులో కాపురం ఉంటున్నారా అని అడిగాడమ్మా నా క్లయింటు, తల తీసేసినట్టయింది,” అన్నాడు సంఘం ప్రెసిడెంటు, దారిలో కనపడ్డ నర్సుతోనే. ఆయన ఇంట్లో కూర్చుని ఇన్సూరెన్సు అమ్ముతాడు. “ఒక్కరి కోసం అంత పెద్ద బండి. పోనీ మీరే చెప్పండి సిస్టర్ గారూ, న్యాయమా?”

“ఆ ఒక్కదాన్ని నేనే కదండీ.”

“అందుకే కదా మీతో అంటున్నాను,” అన్నాడు ఆయన ఎంతో మర్యాదగా.

బస్సు కంపెనీ వాళ్ళు ఒక షరతు పెట్టారు. కాలనీలో ప్రతి ఇల్లూ ఒప్పుకుంటేనే బస్సు తీసేస్తాం, ఒక్క ఇల్లు కాదన్నా నడుపుతాం అని. ఇంటికొక్క మాట. సంఘం మీటింగు తెర మీదే జరుగుతుంది, గురువారం సాయంత్రం. ఆ వేళకి నర్సు దారిలో ఉంటుంది, ఇటుకల బట్టీ దగ్గర సిగ్నలు అందదు. కాబట్టి వాళ్ళింటి మాట చెప్పాల్సింది చెవులాయన.

“కాదు అని ఒక్క ముక్క. అంతేనండీ,” అని వారం ముందునించీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది.

“చెప్తానన్నాను కదే! నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?”

“చిన్నపిల్లాడైతే నాకీ దిగులు లేదు. పిచ్చుకకి చెప్తే మర్చిపోదు.”

గురువారం వచ్చింది. సాయంత్రం మీటింగు వేళకే ఆఫీసు వాళ్ళకి కూడా ఏదో ముంచుకొచ్చింది. చెవులాయన తెర మీద పెద్ద కిటికీలో ఆఫీసు వాళ్ళని పెట్టుకుని, మూలన చిన్న కిటికీలో కాలనీని పెట్టుకున్నాడు. ఇలాంటి తప్పు మా కాలంలో చెయ్యాలన్నా చెయ్యలేకపోయేవాళ్ళం. ఒక మనిషి రెండు చోట్ల కూర్చోవడం దేవుళ్ళకే చెల్లేది అప్పట్లో. ఆఫీసులో మేనేజరు, “శుక్రవారమే విడుదల చేసేద్దాం, ఎవరికైనా అభ్యంతరమా?” అన్నాడు. కాలనీలో ప్రెసిడెంటు ఒక్కో ఇంటినీ పేరుపేరునా అడుగుతూ వచ్చి, “సిస్టర్ గారింటి వాళ్ళు, మీరేమంటారు?” అని ఆగాడు. చెవులాయన మేనేజరుకి జవాబిచ్చాడు. గట్టిగా, స్పష్టంగా ఇచ్చాడు. ఏ కిటికీలో మైకు తెరిచి ఉందో మాత్రం చూసుకోలేదు.

“నావైపునించి ఏ అభ్యంతరం లేదు సార్. కానిచ్చేయండి.”

కాలనీలో ఇళ్ళన్నీ చప్పట్లు కొట్టాయట.

నర్సుకి ఈ సంగతి చెప్పింది ఇంట్లో వాళ్ళు కాదు. మర్నాడు పొద్దున డ్రైవరు చెప్పాడు, అద్దంలోంచి ఆమె మొహం చూడలేక రోడ్డు వైపే చూస్తూ. “మాకు ఆర్డరొచ్చింది తల్లీ. నెలాఖరుతో ఆఖరు.”

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఆ మూసిన తలుపు తోసింది. మేనేజరు ఏదో మాట్లాడుతున్నాడు. ఆమె వంగి కంప్యూటరు మూత దించేసింది.

“ఏం చేశారో తెలుసా?”

ఆయన హెడ్‌సెట్టు తీశాడు. ఎన్నాళ్ళకి తీశాడో ఏమో, చెవుల చుట్టూ చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. విషయం అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మంచం మీద కూలబడిపోయాడు.

“నాకు తెలీకుండా అనేశానే.”

“తెలిసి అన్న మాట ఒక్కటుందా ఈ మధ్య?”

“ఒరేయ్,” అంది అత్తగారు గుమ్మంలోంచి, “నేను కన్నప్పుడు నీ చెవులకి ఏ అడ్డూ లేదురా. వంద మంది మాట విన్నావు, కట్టుకున్నదాని మాట ఒక్కటి వినపడలేదా? అది పోయొస్తుంటేనేగా మనం ఈ మాత్రం నగరానికి కనపడుతున్నది!”

ఆయన ఏడ్చాడు. మొగాడు ఏడిస్తే చూడలేకపోయేంత మెత్తటిది నర్సు. వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆ రాత్రే ఇద్దరూ ప్రెసిడెంటు ఇంటికెళ్ళారు. ఆయన కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. “పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నాకేం, వచ్చే నెల మీటింగులో మళ్ళీ పెడదాం, మీరు కాదనండి, బస్సు మళ్ళీ తిప్పమని రాస్తాను. ఒక్క నెల ఓపిక పట్టండి,” అన్నాడు. నిజాయితీగానే అన్నాడు. ఎవరి మనసులోనూ విషం లేదండీ ఈ కథలో. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

నర్సు ఆలోచించుకుంది. ఒక్క నెల సెలవు పెట్టి ఇంట్లో ఉంటుంది. వచ్చే నెల బస్సు మళ్ళీ వస్తుంది, డ్యూటీకి వెళ్తుంది. వార్డూ పోదు, పిల్లా దూరం కాదు. వార్డులో పెద్ద సిస్టరు కాళ్ళావేళ్ళా పడితే సెలవు దొరికింది. ఇక చెయ్యాల్సిందల్లా ఒక్కటే: నెలాఖరు రోజు డ్యూటీ ముగించుకుని, ఆ సాయంత్రం ఆఖరి బస్సు ఎక్కి ఇంట్లో పడటం.

ఆ రోజు పొద్దున పిచ్చుక తనంతట తనే లేచి కూర్చుంది. ఒంటి మీద దుప్పటి కప్పుకుని, తల్లి ముడేసుకోవడం చూసింది.

“రేపట్నించీ నేను లేచేసరికి ఉంటావా?”

“ఉంటా.”

“నేను పడుకునేటప్పుడు?”

“అప్పుడూ ఉంటా. నీకు విసుగొచ్చి పొమ్మనేదాకా ఉంటా.”

“అంత లేదులే,” అంది పిచ్చుక పెద్ద ఆరిందాలా, మళ్ళీ పడుకుంటూ.

ఆ రోజు వార్డులో గాజు పెట్టెలన్నీ నిండి ఉన్నాయి. నగరంలో ఎవరున్నా లేకపోయినా తొందరపడి పుట్టేవాళ్ళు పుడుతూనే ఉన్నారు. ఆ మధ్యాహ్నమే పుట్టిన ఒక పిల్ల ఉంది, గుప్పెడంత. ఇంకా పేరైనా పెట్టలేదు. ఊపిరి తీసుకోవడం మధ్యమధ్యలో మర్చిపోతోంది. ఆ పక్కనున్న మిషను కూత పెట్టగానే పెట్టె పక్కనున్న గుండ్రటి కన్నంలోంచి చెయ్యి పెట్టి, అరికాలి మీద వేలితో తట్టాలి. తడితే ఉలిక్కిపడి, గుర్తు తెచ్చుకుని, మళ్ళీ ఊపిరి పీలుస్తుంది. కాసేపటికి మళ్ళీ మర్చిపోతుంది. పెట్టె దగ్గర మనిషి ఉండి తీరాలి.

సాయంత్రం డ్యూటీకి చిన్న సిస్టరు రావాలి. ఆమెది నగరానికి అవతలి వైపు శివారు, రైలు మీద వస్తుంది. ఆమె రాలేదు. ఆమె ఫోను వచ్చింది.

“అక్కా, స్టేషనుకి నడుస్తున్నానక్కా,” అంటోంది రొప్పుతూ. “మధ్యాహ్నం నించీ నడుస్తున్నా. స్టేషను రావట్లేదు. మా వీధిలో ఆఖరికి నేనూ ఆ పోస్టుమాస్టరే మిగిలాం వెళ్ళొచ్చేవాళ్ళం, ఆయన నిన్న రిటైరయ్యాడు.”

“వెనక్కి వెళ్ళిపో చెల్లీ. చీకటి పడకముందే ఇల్లు చేరు.”

“మరి నువ్వు?”

“నా సంగతి నేను చూసుకుంటాలే.”

పెద్ద సిస్టరు ఆపరేషను గదిలో ఉంది. ఎవరికో కవలలు అడ్డం తిరిగారు. ఆ గది తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఇంకో జత చేతులు ఆ అంతస్తులో లేవు. ఒకప్పుడు ప్రతి వార్డులో నర్సులు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ తిరిగేవాళ్ళు. వాళ్ళంతా ఏ శివారులో ఏ దూరానికి జరిగిపోయారో.

నర్సు ఒక చెయ్యి పెట్టెలో ఉంచి, రెండో చేత్తో డ్రైవరుకి ఫోను చేసింది.

“బాబాయ్, కొంచెం ఆగుతారా?”

“ఆగుతా తల్లీ. ఆఖరు ట్రిప్పు, నన్నడిగేవాడెవడు!”

మిషను కూత పెట్టింది. తట్టింది. పిల్ల ఉలిక్కిపడింది. ఇంకాసేపటికి డ్రైవరే చేశాడు.

“దీపాలు పెట్టే వేళవుతోందమ్మా.”

“ఇంకొక్క అయిదు నిమిషాలు బాబాయ్. ఎర్ర దీపం ఆరిపోగానే వచ్చేస్తా.”

“నీ అయిదు నిమిషాలు నేనెన్నిసార్లైనా ఇస్తాను తల్లీ. అక్కడ నీ కాలనీ ఇవ్వాలి కదా.”

ఎర్ర దీపం ఆరలేదు. కిటికీ బయట ఆకాశం ఎర్రబడి, బూడిదరంగైంది. ఆ పిల్ల అరికాలు ఆమె బొటనవేలి గోరంత లేదు. ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం, నర్సుకి తలుపు వైపు నడవాలనిపించింది. నేను దాచను. పైన కూర్చున్నాయన ఎలాగూ చూశాడు. అడుగు కూడా వేసింది. సరిగ్గా అప్పుడే పిల్ల ఊపిరి మర్చిపోయింది. ఆమె వెనక్కి తిరిగి చెయ్యి లోపల పెట్టింది.

“వెళ్ళండి బాబాయ్,” అంది ఫోన్లో. “మీరు వెళ్ళి ఒక్క మాట చెప్పండి ఇంట్లో. రేపు ఎలాగోలా వస్తానని చెప్పండి.”

డ్రైవరు వెళ్ళాడు. ఇటుకల బట్టీ దాటాడు, గుట్ట దాటాడు, కొత్త బంకు దాటాడు. పెద్ద సిస్టరు బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, “అయ్యో, నువ్వింకా వెళ్ళలేదూ?” అని అడిగి పెట్టె దగ్గర నిలబడ్డాక, ఫోను మోగింది.

“రోడ్డు అయిపోయింది తల్లీ.”

“అంటే?”

“తారు అయిపోయింది. ఆ తర్వాత గడ్డి. దూరంగా మీ కాలనీ దీపాలు కనపడ్డాయి, వరసగా, పడవలో పెట్టుకుని ఎవరో తీసుకుపోతున్నట్టు. నేను హారను కొట్టాను. ఒక్క దీపమైనా ఆగలేదు. నువ్వెక్కి ఉంటే ఆగేదేమో తల్లీ. ఖాళీ బస్సుని చూసి ఏ కాలనీ ఆగుతుంది?”

ఆ మూల కూర్చున్నాయన కారేసుకుని వెళ్ళకూడదా అనుకుంటున్నారు, మొహంలో కనపడుతోంది. చెవులాయన వెళ్ళాడండీ. పక్కింటి వాళ్ళ కారు అడిగి తీసుకుని, రెండు రోజులు నడిపాడు. ఎటు తిప్పినా ఆ కారు వచ్చి వచ్చి కాలనీ గేటు ముందే ఆగింది. ఇటునించి నర్సు కూడా నడిచింది. తారు అయిపోయినచోట గడ్డిలోకి దిగి, మోకాళ్ళ దాకా మునిగి, పాదాలు చీరుకుపోయేదాకా నడిచింది. డ్రైవరు బాబాయే వెళ్ళి ఆమెని వెనక్కి తీసుకొచ్చాడు. వచ్చే నెల మీటింగు జరిగింది. చెవులాయన “కాదు” అన్నాడు. ఈసారి సరైన కిటికీలోనే అన్నాడు. ప్రెసిడెంటు మాట తప్పకుండా బస్సు కంపెనీకి రాశాడు. కాలనీ ఎక్కడుందో చెబితే పంపిస్తామని వాళ్ళు జవాబిచ్చారు.

కాలనీలో ఎవరికీ ఏ లోటూ రాలేదు. అటువైపునించి ఇంకేదో రోడ్డు వచ్చి కలిసింది, సరుకులు దాని మీద వస్తున్నాయి. అందరి ఉద్యోగాలూ అలాగే ఉన్నాయి. ఫోన్లో సిగ్నలు మాత్రం ముందుకన్నా బాగుంది. నర్సు ఇప్పుడు ఆసుపత్రి వెనక నర్సుల గదిలో, గోడవైపు మంచం మీద ఉంటుంది. డ్యూటీ అవగానే ఫోను గోడకి ఆనించి పెట్టుకుంటుంది. భర్త కనపడతాడు, అత్తగారు కనపడుతుంది, అత్తగారి మొహం మీది ముడతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా. పిచ్చుకకి హోంవర్కు చెప్తుంది, అన్నం తినేదాకా కబుర్లు చెప్తుంది, జోకొడుతుంది. లోకంలో అందరూ ఇంటినించి పని చేసుకుంటుంటే, ఆమె పనినించి కాపురం చేస్తోంది.

“ఏదో ఒక దారి చూస్తానే,” అంటాడు భర్త ప్రతిసారీ. కళ్ళు ఉబ్బి ఉంటాయి. నిజంగానే చూస్తాడు కూడా. అంతలో పక్క గదిలో మోగుతుంది. “ఒక్క నిమిషం,” అని లేస్తాడు.

అలాంటి ఒక సాయంత్రం పిచ్చుక ఒక్కతే కనపడింది తెర మీద. జుట్టు చెదిరి ఉంది, బుగ్గలు కందిపోయి ఉన్నాయి.

“నాన్న కాల్‌లో ఉన్నాడు. నానమ్మ మందు తేవడానికి వెళ్ళింది,” అంది. “అమ్మా, నాకు జ్వరమొచ్చిందనుకుంటా.”

“ఎప్పట్నించే? ఎంతుంది?”

“ఏమో. నానమ్మ చెయ్యే వేడిగా ఉంటుంది, ఆవిడకి తెలీట్లేదు. నువ్వు చూడు.”

“ఎలా చూడనే పిచ్చితల్లీ?”

“ఇలా,” అంది పిల్ల. ఫోను దగ్గరికి తీసుకుని నుదురు దానికి ఆనించింది. తెర అంతా చీకటైపోయింది. ఆ చీకట్లోంచి పిల్ల ఊపిరి మాత్రం వినపడుతోంది, కొంచెం వేగంగా.

నర్సు అరచెయ్యి తెర మీద పెట్టింది. ఎందరి పిల్లలకో, నుదుటి మీద అలా వేసి ఇలా తీసి జ్వరం ఎంతో చెప్పగల చెయ్యి అది. గాజు వెచ్చగా ఉంది. చాలాసేపు మాట్లాడితే ఆ ఫోను ఎప్పుడూ అలాగే వేడెక్కుతుంది. ఆ వేడిలో పిల్లది ఎంతో, ఫోనుది ఎంతో ఆమె వేళ్ళతో వెతుక్కుంది.

“ఎంతుందమ్మా?”

“కొంచెమే తల్లీ,” అంది నర్సు. “కొంచెమే. తగ్గిపోతుంది.”

“చల్లగా ఉంది నీ చెయ్యి,” అంది పిచ్చుక. “ఇంకాసేపు ఉంచు.”